యార్నాం నుంచి ఖిలా వరంగల్ దాకా ఒక సొరంగం

మా అల్లుడికి డిగ్రీలో రెండు బ్యాక్‌లాగులున్నాయి. అయినా వాణ్ని నేను పరిశోధకుడిగానే గౌరవిస్తాను. 2015లో వచ్చిన బ్లడ్‌బోర్న్ అనే గేము మీద మూడేళ్లుగా కూర్చున్నాడు మరి. యార్నాం అనే ఊరు, అక్కడి చర్చి పంచే రక్తం, అది ఎక్కించుకున్నవాళ్లు మృగాలైపోవడం. గేములో పైకి కనబడే కథ ఇంతే. మిగతాది హన్మకొండ చౌరస్తాలో చాయ్ మీద తయారవుతుంది.

అందులో ఒక చిన్నపిల్ల కిటికీ వెనక నుంచి మాట్లాడుతుంది. వేటకు పోయిన నాన్నను వెతకడానికి వెళ్లిన అమ్మ ఇంకా రాలేదంటుంది. ఎర్ర రాయి బ్రోచ్ పెట్టుకుంటుంది, గుర్తుపట్టమంటుంది. అమ్మ అప్పటికే శవం. నాన్న మృగం. పిల్లను చర్చిలో తలదాచుకోమని పంపితే దారిలో మురికి కాలువలో పంది మింగేస్తుంది. దాని కడుపులో దొరికేది నెత్తుటి రిబ్బను ఒక్కటే. తర్వాత అదే కిటికీలో ఇంకో గొంతు, అక్కనంటూ. రిబ్బను ఇస్తే ముందు ఏడుస్తుంది. కాసేపాగి మళ్లీ వెళితే, ఇక ఇది నాదేనని నవ్వుతుంది.

మామూలు మనిషి ఇక్కడ గేము కట్టేసి పడుకుంటాడు. మా వాడు నోట్‌బుక్కు తీస్తాడు.

"మామా, అది అక్కనే కాదు. అక్క ఉన్నదని ఆ పిల్ల ఒక్కసారన్నా చెప్పిందా?"

దీని మీద నలుగురు గంటన్నర లొల్లి పెట్టుకున్నారు. రేషన్ కార్డులో పేరెక్కించడానికి కూడా అంత ఎంక్వైరీ ఉండదు. పిల్ల పోయిందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక 'ఇదంతా కల' అనే థియరీ ఒకటుంది. మొదటిసారి చావగానే కలలోకి పోయి లేచే గేముకు ఆ థియరీ కట్టినవాడికి సమోసా కూడా దండగ.

దీన్ని తీసిన హిదెతాకా మియాజాకి చిన్నప్పుడు తనకు సగమే అర్థమయ్యే ఇంగ్లిషు పుస్తకాలు చదువుతూ, మిగతా సగం ఊహించుకునేవాడట. ఆ బాకీ ఇప్పుడు మా అల్లుడు తీరుస్తున్నాడు.

అయినా ఇది మనకు కొత్తేం కాదు. 1163 నాటి వేయిస్తంభాల గుడి నుంచి ఖిలా దాకా సొరంగం ఉందని మా తాత చెప్పేవాడు. ఆయన చూడలేదు, చూసినవాణ్ని చూశాడు. 1323లో ఢిల్లీకి బందీగా తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున పోయాడని విలస శాసనం. కాదు, తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని 1423 నాటి కలువచేరు శాసనం. అంటే నూరేళ్లకు పుట్టిన ఫ్యాన్ థియరీని మనవాళ్లు ఏకంగా రాగిరేకు మీద చెక్కించారు. మా వాడి దగ్గర రూళ్ల నోట్‌బుక్కే ఉంది, పాపం.

మొన్న నేనే అడిగాను. "అరేయ్, ఆ పంది ఉండే కాలువ పోయి పోయి ఎక్కడ తేలుతది?"

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి చాలాసేపు ఆలోచించాడు. "ఆ గేములో మ్యాపు ఉండది మామా."

మ్యాపే లేదన్నప్పుడు, అది మన ఖిలాలో తేలదని ఎవరు రుజువు చేస్తారో చూస్తాను.