బడి కమిటీ చైర్మన్: ముందు ఆ బిడ్డ ఏ తరగతో అడగండి

2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో పాఠశాల యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) ఎన్నికలు జరిగాయి. తరగతుల వారీగా తల్లిదండ్రులు సభ్యులను ఎన్నుకున్నారు, అదే రోజు ఆ సభ్యులు కూర్చుని చైర్మన్‌ను, వైస్ చైర్మన్‌ను ఎన్నుకున్నారు. ఇలాంటి ఎన్నిక వచ్చినప్పుడల్లా బడి గేటు దగ్గర వినిపించే మాట ఒకటే: చైర్మన్ ఎవరి మనిషి? ఆ చైర్మన్ బిడ్డ ఏ తరగతిలో ఉన్నాడని అడిగేవాళ్లు అరుదు. కమిటీ రెండేళ్లు పనిచేస్తుందా, తొమ్మిది నెలల్లో చతికిలబడుతుందా అన్నది చాలావరకు ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

కమిటీ గడువు రెండేళ్లు. కానీ బిడ్డ బడి విడిచిన రోజు తల్లిదండ్రుల సభ్యత్వం పోతుంది. ఒకటి నుంచి ఐదు తరగతులున్న ప్రాథమిక పాఠశాల లెక్క చూడండి. తరగతికి ముగ్గురు చొప్పున 15 మంది. ఆగస్టులో ఎన్నికైతే, ఏప్రిల్‌లో ఐదో తరగతి పిల్లలు వెళ్లిపోగానే ముగ్గురు పోతారు. ఆ మరుసటి ఏప్రిల్‌కి అప్పటి నాలుగో తరగతి వాళ్ల ముగ్గురూ పోతారు. గడువు ముగిసేలోపే 15లో ఆరు ఖాళీలు. ఐదో తరగతి బిడ్డ తండ్రిని చైర్మన్ చేస్తే ఆయన పదవి నిండా తొమ్మిది నెలలు కూడా ఉండదు. అందులో దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు పోను మిగిలేది ఎంత?

ఒకటి, రెండు తరగతులు మాత్రమే ఉన్న ఫౌండేషన్ స్కూళ్లలో పరిస్థితి మరీ ఇబ్బంది. అక్కడ ఎన్నికయ్యేది ఆరుగురు. మొదటి ఏడాది చివర ముగ్గురు, రెండో ఏడాది చివర ముగ్గురు వెళ్తారు. గడువు తీరకముందే ఎన్నికైన సభ్యుల్లో ఒక్కరూ మిగలరు. ఖాళీ పడినప్పుడు ఆ తరగతి తల్లిదండ్రులను మళ్లీ పిలిచి, అదే కోటాలో కొత్తవారిని ఎన్నుకోవాలి. ఆ పని జూన్‌లో చేయాలి. జూన్‌లో ప్రధానోపాధ్యాయుడి (హెచ్ఎం) చేతినిండా అడ్మిషన్లు, పుస్తకాల కిట్ల పంపిణీ ఉంటాయి. అందుకే ఖాళీలు ఖాళీలుగానే మిగిలిపోతాయి, తీర్మానాలు రాసే మినిట్స్ బుక్‌లో మాత్రం పాత పేర్లు నడుస్తుంటాయి.

తరగతుల తరలింపు కూడా కమిటీలను ఇలాగే దెబ్బతీసింది. 2022లో జీవో 117తో చాలా చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లకు పంపారు. 2021 సెప్టెంబరులో ఎన్నికైన కమిటీలకు అప్పటికి సగం గడువు కూడా కాలేదు. పిల్లలు హైస్కూలుకి వెళ్లారు కాబట్టి ప్రాథమిక పాఠశాలలో ఆ తరగతుల సభ్యుల స్థానాలు పోయాయి. హైస్కూలు కమిటీలో వాళ్లకు చోటు దొరికేలా ఏర్పాటు ముందుగా ఆలోచించి ఉండాల్సింది.

తెలంగాణ అనుభవం మరో తీరు. 2019 నవంబరులో ఎన్నికైన ఎస్‌ఎంసీల గడువు 2021లో ముగిసింది. ఎన్నికలు పెట్టకుండా పొడిగిస్తూ పోయారు. 2022లో మొదలైన మన ఊరు–మన బడి పథకం కింద బడుల మరమ్మతు పనులు ఈ పొడిగింపు కమిటీల చేతుల మీదుగానే నడిచాయి. చివరకు 2024 జనవరి 29న ఎన్నికలు పెట్టారు. జనవరిలో గెలిచిన ఐదో తరగతి బిడ్డ తల్లికి ఏప్రిల్ దాకా దక్కేది మూడు నెలలే.

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. ఎన్నికలు ఏటా జూన్ చివరి వారంలో, అడ్మిషన్లు ఒక కొలిక్కి రాగానే పెట్టాలి. ఒకేసారి కమిటీ మొత్తాన్ని మార్చకుండా, ఖాళీ అయిన తరగతులకు, కొత్తగా చేరిన ఒకటో తరగతికి మాత్రమే ప్రతి జూన్‌లో ఎన్నిక జరపాలి. అమెరికాలో ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే టెక్సస్ స్కూల్ డిస్ట్రిక్టుల బోర్డులు ఇలాగే నడుస్తాయి. ఫ్రిస్కో, కాపెల్ ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లలో అక్కడి పౌరసత్వం ఉన్నవాళ్లు ఓటేసేది ఆ బోర్డులకే. సభ్యులు సాధారణంగా ఏడుగురు, పదవీకాలం మూడు లేదా నాలుగేళ్లు, జీతం లేదు. స్థానాలన్నీ ఒకే ఏడాది ఎన్నికకు రావు కాబట్టి పాత సభ్యులు కొందరు ఎప్పుడూ ఉంటారు. ఆ బోర్డు బడుల పాలన చూసే సూపరింటెండెంటును నియమిస్తుంది, బడ్జెట్ ఆమోదిస్తుంది, పన్ను రేటు నిర్ణయిస్తుంది. మన కమిటీకి అంత అధికారం లేదు, పన్ను ఊసే లేదు. కానీ అనుభవం ఒకరి నుంచి ఒకరికి అందే పద్ధతి తెచ్చుకోవడానికి అధికారంతో పనిలేదు.

నిబంధన మారేదాకా తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. చైర్మన్ బిడ్డ ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి మూడో తరగతి లోపు, హైస్కూల్లో ఆరు నుంచి ఎనిమిది లోపు ఉండేలా చూసుకోవాలి. ఒకే బడిలో ఇద్దరు పిల్లలున్న తల్లి పోటీ చేయాలనుకుంటే చిన్నబిడ్డ తరగతి నుంచి నిలబడాలి.

ఇక ఎన్నిక రోజు ఎక్కడ తేడా కొడుతుందో చూద్దాం. మొదటిది ఓటర్ల జాబితా. హెచ్ఎం దాన్ని నోటీసు బోర్డులో పెట్టి, అభ్యంతరాలకు కొన్ని రోజులు గడువిస్తారు. తల్లిదండ్రులు బెంగళూరుకో హైదరాబాదుకో వలసపోయి, బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉండి చదివే కుటుంబాలు రాయలసీమలో, పాలమూరులో, ఉత్తరాంధ్రలో వేలల్లో ఉన్నాయి. అమ్మమ్మ పేరు సంరక్షకురాలిగా జాబితాలో ఎక్కకపోతే ఎన్నిక రోజు ఆమె వచ్చినా ఓటు ఉండదు. అభ్యంతరాల గడువులో చూసుకుంటే ఐదు నిమిషాల పని. ఆ తర్వాత చేసేదేమీ ఉండదు.

రెండోది కోరం. తరగతి తల్లిదండ్రుల్లో సగం మంది హాజరు కావాలి. 34 మంది ఉన్న తరగతికి 17 మంది. పదహారుగురొస్తే ఎన్నిక లేదు, వాయిదా. ఈ లెక్క తెలిసిన వర్గం ఓడిపోతామనుకున్నప్పుడు తమవాళ్లను రానివ్వదు. ఎన్నిక పనిదినాన పెడతారు కాబట్టి కూలికి వెళ్లేవాళ్లు రోజు కూలి వదులుకోవాలి. నాట్ల కాలంలో అది మాటలు కాదు. పిల్లల సంఖ్య ఆరు కంటే తక్కువ ఉన్న తరగతిని పక్క తరగతితో కలిపి ఎన్నిక జరపాలన్న నిబంధన కూడా ఉంది. చిన్న ఊళ్లలో ఇది తెలియక తరగతికి ముగ్గురు చొప్పున రాసేసి, తర్వాత తగువులు పడుతుంటారు.

మూడోది కోటా. ముగ్గురిలో ఇద్దరు మహిళలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, అనాథ, వలస, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కుటుంబాల నుంచి ఒకరు, బీసీ, మైనారిటీ తదితర బలహీన వర్గాల నుంచి ఒకరు ఉండాలి. చైర్మన్, వైస్ చైర్మన్లలో కనీసం ఒకరు మహిళ. ఇక్కడిదాకా కాగితం మీద బాగానే ఉంటుంది. మీటింగు రోజు ఆమె బదులు భర్త వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, పుస్తకం ఇంటికి పంపి ఆమె సంతకం తెప్పిస్తారు. హెచ్ఎంలు దీన్ని చూసీచూడనట్టు వదిలేయడం తప్పు. కన్వీనర్‌గా, సభ్యురాలు లేని సమావేశంలో ఆమె సంతకం పడనివ్వకపోవడం వాళ్ల బాధ్యత.

ఈ పదవికి ఇంత పోటీ ఎందుకొచ్చింది? డబ్బు వచ్చింది కాబట్టి. ఆంధ్రప్రదేశ్‌లో బడుల బాగుకు 2019లో మొదలైన నాడు–నేడు పథకం మొదటి విడతలో 15,715 పాఠశాలల పనులు పేరెంట్స్ కమిటీల (అప్పట్లో ఈ కమిటీల పేరు అదే) పేరు మీదే జరిగాయి. సిమెంటు, ఇసుక, మేస్త్రీల కూలి అన్నీ ఆ ఖాతా నుంచే. ఆ తర్వాత, బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే అమ్మ ఒడి సొమ్ములోంచి మినహాయించిన 1,000 రూపాయలతో మరుగుదొడ్ల నిర్వహణ నిధి వచ్చింది. ఆయాల నియామకం కమిటీ ముందుకొచ్చింది. ప్రభుత్వం మారాక 2025లో తల్లికి వందనంలో 15,000కు గాను 13,000 తల్లులకిచ్చి, 2,000 బడుల నిర్వహణకు పక్కన పెట్టారు. ఊళ్లో ఒక ఆయా ఉద్యోగం ఎవరికి అన్నది చైర్మన్ ఎన్నికను ఎంత వేడెక్కిస్తుందో బయటివాళ్లకు అర్థం కాదు.

ఏటా తప్పక చూడాల్సింది సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు. నిబంధనల ప్రకారం 30 మంది వరకు పిల్లలుంటే 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది గోడ మీద రాయించమని అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. 30 మంది ఉన్నచోట ఒక్క బిడ్డ అదనంగా చేరినా గ్రాంటు స్థాయి మారుతుంది. ఆ లెక్క కమిటీకి తెలిస్తే అడ్మిషన్ల సీజనులో ఇల్లిల్లూ తిరగడానికి అదో కారణమవుతుంది.

సభ్యులు అసలు జాగ్రత్త పడాల్సింది తీర్మానాల పుస్తకం దగ్గర. ముందు సంతకం పెట్టండి, తర్వాత రాసుకుంటాం అన్న మాటతో ఖాళీ పేజీల కింద పడే సంతకాలే తర్వాత బిల్లులవుతాయి. చేయాల్సింది చిన్న పని. తీర్మానాలకు వరుస సంఖ్యలు వేయించాలి. చివరి తీర్మానం కింద అడ్డంగా గీత గీయించాలి. గట్టిగా చదివించి, ఆ గీత కిందే సంతకం పెట్టాలి. చదవడం రాని సభ్యురాలుంటే ఆమె నమ్మే మనిషి చదివి వినిపించే హక్కును ఎవరూ కాదనలేరు. ఫోనులో పేజీ ఫొటో తీసుకోవడం ఇంకా మంచిది.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కమిటీకి బడి పనితీరు, గ్రాంట్ల వినియోగంపై పర్యవేక్షణ ఇచ్చింది. 22వ సెక్షన్ పాఠశాల అభివృద్ధి ప్రణాళికను రాయమంది. ఇది మూడేళ్ల ప్రణాళిక. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు ఆఖరుకి సిద్ధం కావాలి. తరగతుల వారీగా వచ్చే పిల్లల అంచనా, కావాల్సిన టీచర్లు, గదులు, వాటి ఖర్చు అందులో ఉండాలి. టీచరు పోస్టు కోసం మండల విద్యాధికారి (ఎంఈవో) దగ్గరకు వెళ్లే కమిటీ చేతిలో ఈ కాగితం ఉంటే, నోటిమాటకు లేని బరువు వస్తుంది. ఆగస్టులో ఎన్నికైన కమిటీకి దీనికి మిగిలేది నాలుగు నెలలు. జూన్‌లో ఎన్నిక పెట్టమనడానికి ఇది ఇంకో కారణం.

తెలంగాణలో 2024లోనే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సంఘం సమాఖ్య అధ్యక్షురాలు వాటికి చైర్‌పర్సన్, హెచ్ఎం కన్వీనర్. మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులు వాటికి అప్పగించారు. మహిళా సంఘాలకు లెక్కలు రాసే అలవాటుంది, బ్యాంకు పని తెలుసు. ఆ అనుభవం బడికి ఉపయోగమే. కానీ జనవరిలో తల్లిదండ్రులు ఓటేసి ఎన్నుకున్న ఎస్‌ఎంసీ ఉండగానే, పనులూ డబ్బూ ఇంకో కమిటీకి వెళ్లిపోతే, ఎన్నికైన చైర్మన్‌కు మిగిలేది పంద్రాగస్టు నాడు వేదిక మీద కుర్చీ మాత్రమే. రెండు కమిటీల తీర్మానాలూ ఒకే పుస్తకంలో, ఒకే సమావేశంలో రాయించడం మొదటి మెట్టు. హెచ్ఎం రెండింటికీ కన్వీనరే కాబట్టి, ఆ పని వచ్చే సమావేశం నుంచే మొదలుపెట్టవచ్చు.