సరస్సు గట్టున కార్చిచ్చు: పంపు పట్టాలా, దారి పట్టాలా?

2023 ఆగస్టు 18న కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, షుస్వాప్ సరస్సు ఉత్తరపు గట్టు ఊళ్ల మీదికి కార్చిచ్చు దిగింది. జులైలో పిడుగులకు పుట్టిన మంట అది. ఆ రోజు ఈదురుగాలికి పన్నెండు గంటల్లో దాదాపు 20 కిలోమీటర్లు పరుగెత్తింది. స్కాచ్ క్రీక్‌లో అగ్నిమాపక కేంద్రమే కాలిపోయింది. చుట్టుపక్కల అంతా కలిపి రెండు వందలకు పైగా కట్టడాలు పోయాయి. ఖాళీ చేయమని ఆదేశమిచ్చినా కొందరు కదల్లేదు. సరస్సులో పంపులు దించి ఇళ్లు కాపాడుకున్నారు. వాళ్లు చేసింది ఒప్పా, తప్పా? వెనక అడవి, ముందు నీళ్లు, బయటికి ఒకటే రోడ్డు ఉన్న ప్రతి ఊరూ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ఉండి కాపాడుకోవాలనేవారిని గట్టువాది అనీ, ముందే వెళ్లిపోవాలనేవారిని దారివాది అనీ పిలుద్దాం.

గట్టువాది: ఇల్లు ఎలా అంటుకుంటుందో ముందు చూద్దామండీ. అడవి మంట గోడలా వచ్చి ఇంటిని మింగేస్తుందని అందరూ అనుకుంటారు. అమెరికా అటవీశాఖ పరిశోధకుడు జాక్ కోహెన్ కెనడా వాయవ్య ప్రాంతాల్లో, చెట్ల కొసల దాకా భగ్గున మండే అడవి ఎదుట చెక్కగోడలు నిలబెట్టి చూశారు. పది మీటర్ల దూరంలోని గోడలు కొన్ని అంటుకున్నాయి. ఇరవై మీటర్ల దూరంలోవి కమిలాయి తప్ప మండలేదు. మరి దూరంగా ఉన్న ఇళ్లు ఎందుకు కాలుతున్నాయి? గాలికి ముందుగా ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. చూరు కాలువలో ఎండాకుల మీద ఒక రవ్వ పడుతుంది. మొదటి పావుగంట అది అరచేతి మందం మంట, ఒక బకెట్ నీళ్లు చాలు. గంట తర్వాత ఫైరింజను వచ్చినా చాలదు. ఆ పావుగంటలో అక్కడ ఒక మనిషి ఉండాలంటున్నాను.

దారివాది: అదే ప్రయోగం నుంచి నేను వేరే పాఠం తీసుకుంటాను. రవ్వ పడ్డ చోట అంటుకునేది ఏదీ లేకపోతే మనిషితో పనేముంది? గోడ చుట్టూ మీటరున్నర మేర కంకరో మట్టో తప్ప ఏమీ ఉండకూడదు. చెక్కపొట్టు పరుపు, పూలపొద, గోడకి ఆనించిన కట్టెల మోపు, కొబ్బరిపీచు కాలిపట్టా, అన్నీ తీసేయాలి. అటకకి గాలాడే కంతలకి మూడు మిల్లీమీటర్లు మించని కంతల లోహపు జాలీ కొట్టాలి. పది మీటర్ల లోపల కట్టెల నిల్వ ఉండకూడదు. ముప్ఫై మీటర్ల దాకా చెట్ల కొమ్మలు నేల నుంచి రెండు మీటర్ల ఎత్తు వరకు నరికి, చెట్టు తలకీ తలకీ మధ్య మూడు మీటర్ల ఎడం ఉంచాలి. ఇదంతా వసంతంలో రెండు మూడు వారాంతాల పని. ఇది చేయకుండా ఆగస్టులో పంపు పట్టుకుని నిలబడటం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

గట్టువాది: ఒప్పుకుంటాను, ఒక్క చిక్కు తప్ప. నా ఇంటి చుట్టూ నేను శుభ్రం చేస్తాను. ఎనిమిది మీటర్ల అవతల పక్కింటివాళ్లు వేసవికే వస్తారు, వాళ్ల చూరు కాలువ మూడేళ్లుగా ఊడ్చింది లేదు. ఆ ఇల్లు అంటుకుంటే గంటసేపు నా గోడను వేయించేస్తుంది. అడవి మంట నిమిషాల్లో దాటిపోతుంది గానీ కాలే ఇల్లు దాటిపోదు కదా. సరస్సు గట్లంతా ఇలా ఇరుకు స్థలాలే. అందుకే నీళ్లు కావాలి, ఆ నీళ్లు ఎదుటే ఉన్నాయి.

దారివాది: ఎదుటే ఉన్నాయి, సరే. ఇంటిదాకా ఎక్కించండి చూద్దాం. ఇల్లు నీటిమట్టానికి ముప్ఫై మీటర్ల ఎత్తున, నూట యాభై మీటర్ల దూరాన ఉందనుకోండి.

గట్టువాది: లెక్క చెబుతాను. పైకప్పుకి రెండు, గోడల పక్కన రెండు, మొత్తం నాలుగు స్ప్రింక్లర్లు. ఒక్కోటి నిమిషానికి 15 లీటర్లు, అంటే 60. చేతి నాజిల్‌కి ఇంకో 50 వేసుకుంటే నిమిషానికి 110 లీటర్లు. ముప్ఫై మీటర్ల ఎత్తు. ఒకటిన్నర అంగుళం పైపులు, ముప్ఫై మీటర్లవి అయిదు కలిపితే రాపిడికి పోయేది దాదాపు ఎనిమిది మీటర్ల హెడ్, అంటే నీళ్లను అంత ఎత్తుకి నెట్టే పీడనం. స్ప్రింక్లర్ సరిగా తిరగాలంటే దాని దగ్గర 28 మీటర్లు ఉండాలి. మొత్తం 66. స్ప్రింక్లర్లొక్కటే పన్నెండు గంటలు తిరిగితే 43,200 లీటర్లు. ఇంటి బోర్లు చాలావాటికి అది భారం, సరస్సుకి అది లెక్కలోదే కాదు.

దారివాది: ఇక్కడే చాలామంది దెబ్బతినేది. రెండంగుళాల మామూలు నీళ్లు తోడే ఇంజను కొంటారు. రేవు పక్కన పెట్టి చూస్తే ధారగా కొడుతుంది, సంతోషపడతారు. దాని మొత్తం హెడ్ సుమారు ముప్ఫై మీటర్లే. మీ ఇంటి గడప దగ్గరికొచ్చేసరికి పైపులోంచి చుక్క రాలదు. కావలసింది అధిక పీడనం ఇచ్చే ఫైర్ పంపు. పీడనం ఉంది కదా అని ఇంకా నాజిళ్లు తగిలించి ప్రవాహం రెట్టింపు చేస్తే, పైపు రాపిడి నాలుగింతలవుతుంది. ఎనిమిది మీటర్లు కాస్తా ముప్ఫై దాటి, పైన స్ప్రింక్లర్లు ఆగిపోతాయి.

గట్టువాది: అవన్నీ ముందే ఒకసారి నడిపి చూస్తే తెలిసేవే.

దారివాది: ఎప్పుడు నడిపి చూస్తారు? మే నెలలో, సరస్సు నిండుగా ఉన్నప్పుడు. ఆగస్టుకి నీటిమట్టం దిగిపోతుంది. పీల్చే పైపు కొసన నీళ్లలో ఉండే జల్లెడ వాల్వు, అదే ఫుట్‌వాల్వు, దాని పైన అరవై సెంటీమీటర్లయినా నీళ్లుండాలి, లేకపోతే సుడి తిరిగి గాలి పీలుస్తుంది. అడుగున ముప్ఫై సెంటీమీటర్లు వదలాలి, లేకపోతే బురదా నాచూ పట్టి జల్లెడ మూసుకుపోతుంది. ఈదురుగాలికి అలలు లేస్తే అదే ఫుట్‌వాల్వు నీటిపైకి తేలుతుంది. ఆ పీల్చే పైపు జాయింటులో వాషరు కొంచెం ఎండిపోయినా చాలు, నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది, ఎక్కడ తప్పుందో కంటికి కనపడదు. ఇంజను హోరున తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ఎత్తదు. పుస్తకంలో పది మీటర్ల దాకా పీలుస్తుందని ఉంటుంది. చేతల్లో ఆరేడు మీటర్లే. అంటే పంపు నీటి ఒడ్డునే ఉండాలి, మీరేమో పైన ఇంటి దగ్గర ఉంటారు. గాలి పట్టిన ప్రతిసారీ పొగలో ఆ మెట్లు దిగి, నీళ్లు పోసి ఎక్కించి, మళ్లీ మెట్లెక్కాలి.

గట్టువాది: ఫుట్‌వాల్వును కంతలు పెట్టిన బకెట్‌లో కూర్చోబెట్టి, దాన్ని తేలే డ్రమ్ముకి తాడుతో కట్టి వదిలితే మట్టం తగ్గినా లోతు మారదు. పంపును చెక్కరేవు మీద పెట్టకూడదు, రవ్వలకి ముందు అంటుకునేది ఆ రేవే. కంకర మీద పెట్టాలి. నేల మీద పరిచిన ప్లాస్టిక్ పైపు ఒక్క గడ్డిమంటకి కరిగిపోతుంది, పూడ్చాలి లేదా ఫైర్ పైపు వాడాలి. కరెంటు మోటారును నమ్ముకోకూడదు, స్తంభాలు అందరికంటే ముందు పోతాయి. గంటకి అయిదు లీటర్లు తాగే ఇంజనుకి పన్నెండు గంటలకి అరవై లీటర్ల పెట్రోలు, పంపుకి దూరంగా. టూస్ట్రోక్ అయితే ఆయిలు కలిపిన డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. కంగారులో ఉత్త పెట్రోలు పోశారా, ఇంజను పట్టేసినట్టే. మీరు చెప్పే తప్పులన్నిటికీ మందులున్నాయండీ.

దారివాది: ఉన్నాయి. వాటిలో ఎన్నిటికి మనిషి పక్కనే నిలబడాలి? నేను అడిగేది అదీ. అమెరికాలో మిన్నెసోటా ఉత్తరాన గన్‌ఫ్లింట్ ట్రయిల్ ఉంది. అడవిలో చిన్నచిన్న సరస్సులు, బయటికి ఒకటే రోడ్డు. 1999లో పెనుగాలికి ఆ ప్రాంతంలో కోట్ల చెట్లు కూలాక, ప్రభుత్వ సాయంతో చాలా ఇళ్లకి సరస్సు నీళ్లు తోడే స్ప్రింక్లర్లు పెట్టించారు. పంపులు చాలావరకు ప్రొపేన్ గ్యాసువి. 2007 మేలో హామ్ లేక్ మంట వచ్చి కెనడా సరిహద్దుకి అటూ ఇటూ 75,000 ఎకరాలు కాల్చింది. వందకు పైగా కట్టడాలు పోయాయి. స్ప్రింక్లర్లు పనిచేసిన చోట్ల దాదాపు అన్నీ నిలిచాయి. ముందే తిప్పి పెడితే ఇంటి చుట్టూ నేలా గాలీ తడిసి ఉంటాయి, రవ్వ పడి ఆరిపోతుంది. ఆ తడిని కాపాడటానికి ఇంటికొక మనిషి ప్రాణం ఒడ్డనక్కర్లేదు.

గట్టువాది: గ్యాసు అయిపోయాక? గాలికి స్ప్రింక్లరు నీళ్లు పక్క పొలంలో పడుతుంటే గాలివాటం చూసి జరిపేదెవరు? మంట దాటిపోయిన మరునాడు, మూడోనాడు, మెట్ల కింద రాజుకునే నిప్పుకణిక సంగతి? సిబ్బంది అప్పటికి వేరే ఊరికి పోయి ఉంటారు. షుస్వాప్‌లో ఉన్నవాళ్లు చేసిన పనిలో ఎక్కువ భాగం అదే కదండీ, మొద్దులు తవ్వి ఆర్పడం, వేళ్లలో పాకే నిప్పు వెతకడం. సాహసాలేం కావవి, పారా బకెట్టూ పట్టుకుని చేసే చాకిరీ. వాళ్లని బయటికి పంపేసి, మళ్లీ రానివ్వకుండా రోడ్డు మూస్తే ఆ చాకిరీ ఎవరు చేయాలి?

దారివాది: ఆ చాకిరీ విలువ నేను కాదనను. మంట ముఖం వచ్చే గంట గురించే నా వాదన. ఆస్ట్రేలియా మీ మాటనే ఏళ్ల తరబడి విధానంగా పాటించింది: సిద్ధపడి ఉండు, లేదా ముందే వెళ్లిపో. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మంది చనిపోయారు. అందులో 113 మంది ఇళ్ల లోపలే. ఇల్లు కాపాడుకోగలమని నమ్మినవాళ్లు అందులో ఎందరో. ఆ తర్వాతే అక్కడ ప్రమాద స్థాయిల్లో అన్నిటికన్నా పైన ఒకటి చేర్చి, ఆ రోజుల్లో ఎంత సిద్ధపడ్డ ఇల్లయినా వదిలి పొమ్మన్నారు. ఎన్-95 మాస్కు పొగలో నలుసుల్ని ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడును ఆపదు. తల తిరుగుతున్నట్టు తెలిసేసరికి నిర్ణయం తీసుకునే తెలివి పోయి ఉంటుంది. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. బతికుంటే బలుసాకు తినొచ్చు.

గట్టువాది: ఆలస్యంగా రోడ్డెక్కినవాళ్లు చనిపోయిన మంటలు తక్కువా? 2018లో కాలిఫోర్నియాలో పారడైజ్ ఊరివాళ్లు కార్ల వరసల్లో చిక్కుకుపోయారు. షుస్వాప్‌లో మంట పడమటి కొసన రోడ్డుకి అడ్డంగా దిగింది. తూర్పు ఊళ్లవాళ్లకి మిగిలిన దారి సరస్సే. పడవల్లో దాటించారు. 2019 డిసెంబరు 31న ఆస్ట్రేలియాలో మల్లకూటలోనూ ఇదే. రోడ్డు తెగిపోయి వేలమంది నీటి ఒడ్డున నిలబడ్డారు. రోజుల తర్వాత నౌకాదళం ఓడలు వెయ్యిమందికి పైగా తీసుకెళ్లాయి. ఆదేశం రోడ్డు మూసుకుపోయాక వస్తే, వెళ్లడమే పెద్ద ప్రమాదం.

దారివాది: అందుకే ఆదేశం దాకా ఆగొద్దంటాను. హెచ్చరిక రాగానే, రోడ్డు ఖాళీగా ఉండగానే పోవాలి. సరస్సును ఆఖరి దారిగా ఉంచుకోండి, మొదటి దారిగా కాదు. పొగలో పది మీటర్ల అవతల కనపడదు, ఇంజనుకి గాలి ఆడదు, ఆ గాలికి లేచే అలలకి చిన్న పడవ ఆగదు. ఇంకో సంగతి ఎవరూ తలుచుకోరు. నీళ్లు ముంచుకునే సీఎల్-415 విమానం సరస్సు మీద పన్నెండు సెకన్లు జారి ఆరువేల లీటర్లకు పైగా ఎత్తుకుంటుంది. నీటిని తాకడానికి దిగి, ముంచుకుని, పైకి లేవడానికి కిలోమీటరుకు పైగా అడ్డం లేని దారి కావాలి. ఆ దారిలో ఒక్క పడవ ఉంటే పైలటు దిగడు. మీకు పెట్రోలు తెచ్చే స్నేహితుడి పడవ వల్ల ఊరంతటికీ పడాల్సిన నీళ్లు ఆగిపోవచ్చు.

గట్టువాది: ఇది నిజం. పడవలు గట్టు వెంబడే పోవాలి, విమానాలు తిరిగేటప్పుడు అసలు కదలకూడదు. కానీ చూడండి, ఈ సంగతి ఉండిపోయినవాళ్లకి చెప్పేదెవరు? ఉండటం తప్పని తేల్చేస్తే వాళ్లు దాక్కుని ఉంటారు. రేడియో ఉండదు, పేరు ఏ జాబితాలోనూ ఉండదు. పైనుంచి నీళ్లు కుమ్మరించే పైలటుకి కింద మనిషి ఉన్నట్టే తెలియదు. అంత బరువు నీళ్లు మీద పడితే కొమ్మలే విరుగుతాయి. 2023 మంటల తర్వాత బ్రిటిష్ కొలంబియాలోనే స్థానికులకి ఎస్-100 అనే, మంటలార్పే ప్రాథమిక శిక్షణ ఇచ్చి, సిబ్బందితో కలిసి పనిచేయించే ఏర్పాట్లు పెంచారు. ఉండేవాళ్లు ఉంటారని ఒప్పుకున్నట్టేగా?

దారివాది: శిక్షణ ఉన్నవాళ్లు, పేరు నమోదైనవాళ్లు, నూలో ఉన్నో బట్టలు, తోలు బూట్లు, రేడియో ఉన్నవాళ్లు, పైన అధికారి పొమ్మంటే మారుమాట లేకుండా పోయేవాళ్లు. అలాంటి పదిమంది ఊరికి ఉంటే నేనూ సరేనంటాను. పిల్లలు, ముసలివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, జీవాలు హెచ్చరిక రోజునే బయట ఉండాలి. ఇంటికొకడు తన ఇల్లే చూసుకుంటూ ఉండిపోవడానికి మాత్రం ఒప్పుకోను.

గట్టువాది: ఆ పదిమంది కూడా ఎప్పుడు కదలాలి?

దారివాది: నేల మీద గీత ముందే గీసుకోవాలి. ఫలానా శిఖరం, ఫలానా వాగు. మంట అది దాటితే పంపులు వదిలేసి పోవడమే. ఆ గీత నుంచి ఊరికి మంట రావడానికి పట్టే అతి తక్కువ సమయం, ఊరు ఖాళీ అవడానికి పట్టే సమయానికి రెట్టింపు ఉండాలి. పన్నెండు గంటల్లో ఇరవై కిలోమీటర్లంటే సగటున గంటకి రెండు కూడా లేదనిపిస్తుంది. సగటు చూసి మోసపోకండి, గాలి మళ్లిన గంటలో అది ఎన్నో రెట్లు పరుగెత్తుతుంది, రవ్వలు ఇంకా ముందు దూకుతాయి.

గట్టువాది: రెట్టింపు కాదు, చీకటైతే మూడింతలు వేయండి. రాత్రి పొగలో శిఖరం కనపడదు. గీతకి ఇవతల ఒకడు కాపలా ఉండి రేడియోలో గంటగంటకీ చెప్పాలి, వాడి మాట రెండుసార్లు వినపడకపోతే మంట గీత దాటినట్టే లెక్క. సరేనా?

దారివాది: సరే. కాపలాకి ఒక్కణ్ణి పంపొద్దు, ఇద్దరు ఉండాలి, బండి ముఖం ఊరివైపు తిప్పి, తాళం బండికే వదిలి.