పదో రోజు వచ్చే రిపోర్టు ఎవరికి?

నల్లగొండ అంటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. వంగిన నడుములు, గారపట్టిన పళ్లు కంటికి కనబడ్డాయి కాబట్టి నీళ్లు పరీక్షించారు, ఉద్యమాలు నడిచాయి. పుట్టిన బిడ్డ నెత్తుట్లో దాగే జబ్బును ఎవరు పట్టించుకుంటారు?

రెండు మూడు రోజులు బాగానే పాలు తాగిన పసికందు ఆ తర్వాత చన్ను పట్టడు. ఒళ్లు వేలాడేస్తాడు, ఫిట్స్ వస్తాయి. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. డాక్టర్లను తప్పుపట్టలేం, లక్షణాలు అలాగే ఉంటాయి. అయితే మూత్రం బెల్లం పాకం మాడిన వాసన వస్తుంటే అది మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్, పొట్టిగా ఎంఎస్‌యూడీ కావచ్చు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు అరగక రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తాయి. ఇంట్లో బాలారిష్టం అంటారు, నింద కోడలి మీద వేస్తారు. నిజానికి లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా రావాలి. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ముప్పు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన పల్లెల్లో ఇది చిన్న మాట కాదు. హైదరాబాద్ సర్కారు ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షిస్తే వెయ్యికి ఒకరిలో ఇలాంటి జీవక్రియ లోపాలు తేలాయని 2004లోనే అచ్చయింది.

వీటిని పట్టే పరీక్ష సులువే. మడమ మీద సూదితో గుచ్చి, ఫిల్టర్ పేపర్ మీద నాలుగు చుక్కలు ఆరబెట్టడం. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గత్రీ 1960లలో తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు టాండెం మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఒక్క చుక్కతో పదుల జబ్బుల జాడ పడుతుంది. ఆరిన కార్డు కవర్లో పోతుంది కనుక నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో ఆ యంత్రమే కావాలన్న డిమాండ్ నాకు సబబుగా తోచదు. (మూలనపడ్డ యంత్రాలు మనకు తక్కువా!) హైదరాబాద్ వంద కిలోమీటర్లే. నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ అక్కడే ఉన్నాయి. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద సాయం అందాల్సిందీ అక్కడి నుంచే.

చిక్కంతా రిపోర్టు తిరిగి రావడంలో ఉంది. పుట్టిన 24 నుంచి 72 గంటల మధ్య తీసిన చుక్కకు పదో రోజు జవాబొస్తే ఎంఎస్‌యూడీ బిడ్డకు దక్కేదేమీ లేదు. రక్తంలో ఆ అమైనో ఆమ్లాల అంకె తేడా కనబడిన పూటే ల్యాబు నుంచి ఫోన్ రావాలి, ఆశా కార్యకర్త ఆ గడప తొక్కాలి. అప్పటికీ అది అనుమానమే. రక్తం మళ్లీ తీసి, చల్లగా ఉంచి పంపి నిర్ధారించాలి. ఈలోపు ఆ అమైనో ఆమ్లాలు లేని పాలపొడి దొరకాలి. అచ్చంపేట, దేవరకొండ తండాల దాకా ఈ గొలుసు తెగకుండా చూడటమే అసలు ఖర్చు.

బిడ్డ దక్కడని తెలిసినా సరే, ఒక కార్డు మీద నాలుగు చుక్కలు తీసి దాచమనండి. జబ్బు పేరు, జన్యులోపం దాంట్లో తేలితే, మళ్లీ గర్భం నిలిచినప్పుడు పదకొండు, పన్నెండు వారాలకే ఆ తల్లి కడుపులోని బిడ్డకు పరీక్ష చేయించుకోవచ్చు.