అల్లుడుగారూ, రొయ్యల రేటూ

భీమవరం పక్కన మా మావయ్యది రొయ్యల కమీషన్ వ్యాపారం. రొయ్యలు కొనే ప్లాంటు వాళ్ళు రోజూ పొద్దున్నే కౌంటువారీ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు) రేట్ల ఫైలు ఎఫ్‌టీపీలో ఆఫీసు కంప్యూటర్‌కి పంపుతారు. దాన్ని అపాచీ కామెల్ అనే సాఫ్ట్‌వేర్ చదివి రైతులందరికీ మెసేజ్ కొడుతుంది. కామెల్ ఓపెన్ సోర్స్ సరుకు, డబ్బు కట్టక్కర్లేదు. ఒక సిస్టమ్‌లోది ఇంకో సిస్టమ్‌కి మోయడమే దాని పని. ఈ ఏర్పాటంతా సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడుగారు పూతరేకులు తింటూ చేసి పెట్టారు. కాబట్టి ఇందులో తప్పు ఉండడానికి వీల్లేదు.

ఆ రోజు వెళ్ళిన మెసేజ్: 100 కౌంట్, కిలో 24 రూపాయలు.

ఫోన్లు మొదలయ్యాయి. "ఏవండీ, ఈ ఇరవై నాలుగు తలకాయతోనా, తలకాయ తీసేసా?" అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. ఇంకొకాయన, "ఆ రేటుకైతే మేమే కొంటామండి, ఎన్ని టన్నులున్నాయేటి?" అన్నాడు.

నేను వెళ్ళేసరికి మావయ్య గుమాస్తా మీద కేకలేస్తున్నాడు. ఫోల్డర్లో ఫైలే లేదు, నువ్వే డిలీట్ చేశావని. అతను మావుళ్ళమ్మ మీద ఒట్లు పెడుతున్నాడు. పాపం, అతనేం చేయలేదు. చదవడం అయిపోయిన ఫైలుని కామెల్ అక్కడే '.కామెల్' అనే ఫోల్డర్లోకి జరిపేస్తుంది. పేరు ముందు చుక్క ఉంది కదా, లినక్స్‌లో అది మామూలుగా కనపడదు. తెరిచి చూస్తే ఫైలు నిక్షేపంగా ఉంది, రేటు 240 అనే ఉంది.

"చూశావా, అల్లుడుగారి తప్పేం లేదు," అన్నాడు మావయ్య.

కామెల్ అర సెకనుకోసారి ఫోల్డర్లోకి తొంగి చూస్తుంది. మా నెట్టు సంగతి తెలిసిందే. 24 దాకా దిగి, సున్నా ఇంకా దారిలో ఉండగానే చదివేసి మెసేజ్ కొట్టేసింది. సున్నా తీరిగ్గా వచ్చి చేరింది. ప్లాంటు వాళ్ళు వేరే పేరుతో పంపి, పూర్తయ్యాక పేరు మారిస్తే ఈ గొడవే ఉండదు. కానీ వాళ్ళు, "మా సిస్టమ్ ఇంతేనండి," అన్నారు. సరే, రీడ్‌లాక్ అనే సెట్టింగ్ 'చేంజ్డ్' అని పెట్టాను. ఫైలు సైజు మారడం ఆగాకే తీస్తుంది. మావయ్యకి కాలవ లాకు గుర్తు చేశాను, రెండు వైపులా నీళ్ళు సమం అయ్యాకే కదా పడవకి తలుపు తీసేది అని.

"అది కాటన్ దొర నాటి సంగతి కదరా, అల్లుడుగారికి తెలీకుండా ఉంటుందా?"

మామూలుగా ఆ సెట్టింగ్ సెకను ఆగి సైజు చూస్తుంది. మా నెట్టుకి అయిదు సెకన్లు పెట్టి, టైమవుట్ కూడా పెంచి వచ్చేశాను.

అంతటితో ఆగితే బాగుండేది. "ఫైలు కళ్ళ ముందు లేకపోతే నాకు టెన్షన్," అని మావయ్య హైదరాబాద్‌కి ఫోన్ చేశాడు. అల్లుడుగారు 'నోఆప్ ట్రూ' పెట్టించారు. ఇక ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి. చదివినవి మళ్ళీ చదవకుండా కామెల్ గుర్తు పెట్టుకుంటుంది. విడిగా చెప్పకపోతే ఆ గుర్తు ఉండేది మెమరీలోనే. నన్నడిగితే చెప్పేవాణ్ణి. అల్లుడుగారు చెప్పాక నన్నెవరడుగుతారు?

నెల తిరిగాక ఓ అర్ధరాత్రి కరెంటు పోయింది. చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి, రైతులంతా టార్చిలు పట్టుకుని గట్ల మీదకి పరిగెత్తి డీజిల్ ఇంజన్లు తిప్పుతున్నారు. కరెంటొచ్చింది, ఆఫీసు కంప్యూటర్ దానంతటదే లేచింది. కామెల్‌కి గతం గుర్తు లేదు. ఫోల్డర్లో ఉన్న నెల రోజుల ఫైళ్ళూ కొత్తవే అనుకుని అందరికీ పంపేసింది. గట్టు గట్టునా జేబుల్లో ఫోన్లు టింగుటింగుమన్నాయి.

తెల్లారగట్ల నేను ఆ గుర్తుల జాబితాని డిస్కు మీద రాసుకునేలా మారుస్తుంటే, గుమ్మం ముందు ట్రేలతో వ్యాన్ ఆగింది.

"రాత్రి 30 కౌంట్‌కి మంచి రేటిచ్చారండి! వెంటనే చెరువు పట్టేశాం," అంటూ దిగాడు రైతు. చూపించిన మెసేజ్‌లో ఉన్నది నెల కిందటి రేటు.

మావయ్య మెసేజ్ చూశాడు, ట్రేలు చూశాడు, నావైపు చూశాడు.

"అవి మేం పంపినవి కావండి, మా అల్లుడుగారు పంపినవి. నంబరిస్తాను, ఆయన్నే అడగండి."