రోగనిరోధక శాఖలో పోస్టింగుల గోల

మన ఒంట్లో రోగనిరోధక కణాలు సుమారు 1.8 లక్షల కోట్లు, అన్నీ కలిపి తూస్తే 1.2 కిలోలు అని 2023లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. ఇంత సిబ్బంది ఉన్న శాఖలో ఎవరిని ఎక్కడ వేస్తున్నారో అడిగే నాథుడు లేడు కాబట్టి, ఆ బాధ్యత నేనే నెత్తినేసుకుంటున్నాను.

ముందు మాక్రోఫేజ్‌ల సంగతి. తలలు లెక్కపెడితే పదింట ఒక వంతు, బరువు తూస్తే మాత్రం దాదాపు సగం వాళ్లదే! చేసే పని ప్రధానంగా క్రిములనూ చచ్చిన కణాలనూ మింగడం, హోదాలేమో అవయవానికొకటి. పేగుల నుంచి వచ్చే రక్తంలోని బాక్టీరియాను పట్టి మింగుతూ కాలేయంలో కూర్చుంటే కుఫర్ కణం. ప్లీహంలో ఉంటే ముసలి ఎర్ర రక్తకణాలను తినేస్తారు, 120 రోజుల సర్వీసుకు అదీ సత్కారం. ఇక అదే వంశంలో ఆస్టియోక్లాస్ట్ అని ఒకడున్నాడు, ఎముకలో పోస్టు ఇస్తే ఎముకనే కరిగిస్తాడు, అదే నా డ్యూటీ అంటాడు, వెనకాల ఇంకో కణం వచ్చి ఆ గుంటలు పూడ్చుకుంటూ పోవాలి.

మెదడులో పోస్టు పడిన మాక్రోఫేజ్‌లైన మైక్రోగ్లియాది మరీ అన్యాయం. ఎముక మజ్జ అనే నియామక బోర్డు ఇంకా తెరవకముందే, పిండదశలోనే, పిండానికి అంటుకుని ఉండే సొన సంచి నుంచి నేరుగా వచ్చి సీట్లు పట్టేశారు. తర్వాత ఖాళీ వచ్చినా మామూలుగా బయటివాళ్లకు నోటిఫికేషన్ ఉండదు, ఉన్నవాళ్లే రెండుగా చీలి నింపుకుంటారు. వారసత్వ ఉద్యోగాలు కాక ఇవేమిటి?

చర్మం విభాగంలో రికార్డులే తప్పు. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి అక్కడి కణాలను చూసి నరాలకు సంబంధించినవి అనుకున్నాడు, అవి మన రోగనిరోధక శాఖవేనని తేలడానికి సుమారు వందేళ్లు పట్టింది. (ఫైలు కదలడం అంటే అంతే మరి.)

బదిలీ చేస్తే దారికొస్తారా అంటే, ఎలుకల్లో అదీ చేసి చూశారు. పొట్ట కుహరంలోని మాక్రోఫేజ్‌లను తీసుకెళ్లి ఊపిరితిత్తుల్లో వేస్తే చాలావరకు అక్కడి పద్ధతులే ఒంటబట్టించుకున్నాయి.

ఇంత జరుగుతుంటే గాయమైన చోటికి ముందు పరుగెత్తేది మాత్రం న్యూట్రోఫిల్‌లు, అంటే తెల్ల రక్తకణాల్లో మన కాంట్రాక్టు వర్కర్లు. రోజుకు వేల కోట్లలో నియామకం, రక్తంలో సాధారణంగా ఒక్క రోజు కూడా నిలవరు, పోయాక చీము అని ముక్కు మూసుకుంటాం. ఆ శవాలను తినేది ఎవరనుకున్నారు? మళ్లీ ఆ మాక్రోఫేజ్ సార్లే.