రెండో దారి దండగ

డేటా సెంటర్లలో ఏళ్ల తరబడి ఒక దుబారా సాగుతోంది, ఎవరూ నోరు మెదపడం లేదు. దాని పేరు అవుటాఫ్‌బ్యాండ్ మేనేజ్‌మెంట్. రౌటర్లు, స్విచ్‌లు, సర్వర్లు అన్నీ చక్కగా ఒక నెట్‌వర్క్‌లో ఉంటాయి కదా. ఆ నెట్‌వర్క్ పడిపోయిన రోజున వాటిని చేరుకోవడానికి విడిగా ఇంకో నెట్‌వర్క్ కావాలట! దానికి వేరే స్విచ్, వేరే లైను, అదీ వేరే కంపెనీ దగ్గర. ర్యాక్‌లో పరికరాలను దూరం నుంచి నేరుగా పలకరించడానికి కన్సోల్ సర్వర్ అని ఒక పెట్టె, దానికో 4జీ మోడెమ్, అందులో ఒక సిమ్. ఏడాది పొడుగునా పనీపాటా లేకుండా కూర్చునేవాడికి ఏ సంస్థ అయినా జీతం ఇస్తుందా? (ఇస్తుంది. కానీ వాళ్లు మీటింగులకైనా వస్తారు.)

పోనీ, ఆ రెండో దారి గొప్పదా అంటే అదీ కాదు. 400 గిగాబిట్ల పోర్టులున్న రౌటర్‌కి కూడా కన్సోల్ పోర్టు (కేబుల్ పెట్టి నేరుగా కమాండ్లు కొట్టే చోటు) వేగం చాలాచోట్ల 9600 బాడ్. అంటే సెకనుకి 960 అక్షరాలు. దాని వెనకున్న ఆర్ఎస్-232 ప్రమాణం 1960లో పుట్టింది. ఆ వయసువాళ్లని మనం ఎప్పుడో రిటైర్ చేసి ఇంటికి పంపించాం. దీన్ని మాత్రం ఆపద వచ్చినప్పుడల్లా నిద్రలేపి మరీ ఆశ్రయిస్తున్నాం.

ఈ విషయంలో పెద్ద కంపెనీలను చూసి నేర్చుకోవాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌లో మరమ్మతు పని మీద ఇచ్చిన ఒక్క కమాండ్, డేటా సెంటర్లన్నిటినీ కలిపే బ్యాక్‌బోన్ నెట్‌వర్క్ మొత్తాన్ని విడగొట్టేసింది. అలాంటి కమాండ్లను ఆపాల్సిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో ఏదో బగ్ ఉండి, అది అడ్డు చెప్పలేదు. ప్రధాన నెట్‌వర్క్‌తో పాటు అవుటాఫ్‌బ్యాండ్ దారి కూడా పోయింది. ఎంత ఐకమత్యం! చివరికి ఇంజనీర్లే స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ లోపలికి వెళ్లడమే కష్టం, వెళ్లాక పరికరాల మీద చెయ్యి వేయడం ఇంకా కష్టం. భద్రత కోసం అలా కట్టుకున్నారు మరి. ఆరు గంటలకు పైగా ప్రపంచం ప్రశాంతంగా ఉంది.

కెనడాలో రోజర్స్ అనే టెలికాం సంస్థ ఇంకా ముందుచూపుతో వ్యవహరించింది. నిర్వహణ నెట్‌వర్క్‌ని కోర్ నెట్‌వర్క్ (అంటే ప్రధాన నెట్‌వర్క్) మీదే ఆధారపడేలా పెట్టుకుంది. 2022 జులై 8 తెల్లవారుజామున ఒక ఫిల్టర్ తీసేసేసరికి రూట్లు (ఏ సమాచారం ఎటు వెళ్లాలో చెప్పే దారుల వివరాలు) వరదలా వచ్చిపడి కోర్ రౌటర్లు కుప్పకూలాయి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులకు సేవలు ఆగాయి. ఉద్యోగుల ఫోన్లు కూడా అదే కంపెనీవి కాబట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోయారు. పోటీ కంపెనీల సిమ్‌లు తెప్పించి సిబ్బందికి పంచాల్సి వచ్చింది. వేరే దారి ముందే ఉండి ఉంటే ప్రత్యర్థుల మధ్య ఇంత సఖ్యత చూసేవాళ్లమా? అత్యవసర నంబరు 911 కూడా చాలామందికి అందలేదు. ఇక్కడ నా వాదన కాస్త తడబడుతుంది కాబట్టి ముందుకు పోదాం.

కొన్ని రౌటర్లలో ‘కమిట్ కన్‌ఫర్మ్‌డ్’ అని ఒక సదుపాయం ఉంది. మార్పు చేశాక పది నిమిషాల్లో మళ్లీ ఖాయం చేయకపోతే రౌటర్ తనంతట తానే పాత కాన్ఫిగరేషన్‌కి వెళ్లిపోతుంది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడిని పది నిమిషాల తర్వాత మళ్లీ కొమ్మ మీద కూర్చోబెడుతుందన్నమాట. అనుభవం ఉన్న ఇంజనీరుకి ఇంతకంటే అవమానం ఏముంటుంది? అందుకే చాలామంది వాడరు.

ఇక సర్వర్ల సంగతి. దాదాపు ప్రతి సర్వర్ లోపలా బీఎంసీ అని ఒక బుల్లి కంప్యూటర్ ఉంటుంది. సర్వర్ ఆపేసినా ఇది స్టాండ్‌బై కరెంటు మీద మేలుకునే ఉంటుంది. దూరం నుంచి సర్వర్‌ని ఆన్ చేయొచ్చు, ఆఫ్ చేయొచ్చు, తెర చూడొచ్చు. దీనితో మాట్లాడే ఐపీఎంఐ 2.0 పద్ధతి 2004 నాటిది, మర్యాద కూడా ఆ కాలానిదే. సరైన యూజర్ పేరు చెబితే చాలు, ఇంకా లోపలికి రానివ్వకముందే పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గజిబిజి రూపం) చేతిలో పెడుతుంది. తీరిగ్గా ఇంటికెళ్లి పగలగొట్టుకోవచ్చు. ఇది బగ్ కాదు, ప్రమాణంలోనే అలా రాసి ఉంది, కాబట్టి బాగుచేసే బెడద లేదు. హెచ్‌పీ సర్వర్లలో బీఎంసీ పేరు ఐఎల్ఓ. 2017లో బయటపడ్డ ఐఎల్ఓ 4 లోపం ఇంకా సులువు. వెబ్ రిక్వెస్ట్‌లో ఒక హెడర్ దగ్గర ఇంగ్లిష్ ‘ఎ’ అక్షరం 29 సార్లు కొడితే తలుపు తెరుచుకునేది. పాస్‌వర్డ్ మర్చిపోయేవాళ్ల కష్టం ఇంత బాగా అర్థం చేసుకున్న పరికరాన్ని నేనైతే చూడలేదు.

మా వైపు ఫైనాన్స్ విభాగం మాత్రం ఈ దుబారాను సొంత పద్ధతిలో అరికడుతోంది. కన్సోల్ సర్వర్ మోడెమ్‌లోని సిమ్ బిల్లు వస్తుంది. వాడిన డేటా: సున్నా. పోయిన నెల సున్నా, అంతకుముందు సున్నా. ఎర్ర పెన్నుతో ఒక గీత. సిమ్ రద్దయిన సంగతి మోడెమ్‌కి తెలియదు, దాని పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇంజనీర్లు ఆ లైటు చూసి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. ఒక గీతతో డబ్బు ఆదా, టెన్షన్ కూడా ఆదా.

నెట్‌వర్క్ పడిపోతే మరి? డేటా సెంటర్ కుర్రాడికి ఫోన్ చేస్తాం. ఫ్యాన్ల హోరులో ఇద్దరూ అరుచుకోవాలి, అంతే.

“బాబూ, ఎదురుగా ఏం కనిపిస్తోంది?”

“లైట్లు సార్.”

“ఏ రంగు?”

“అన్ని రంగులూ ఉన్నాయి సార్.”

“సరే, కన్సోల్ కేబుల్ పెట్టావా?”

“పెట్టాను సార్. పాస్‌వర్డ్ అడుగుతోంది.”

పాస్‌వర్డ్ ఎక్కడుంది? పాస్‌వర్డ్ వాల్ట్‌లో. వాల్ట్ ఎక్కడుంది? ఇప్పుడు మనం లేపాలని చూస్తున్న సర్వర్‌లో. ఎవరికో గుర్తున్న పాత పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం చెప్పాలి. “బీయా సార్, డీయా?” అని వాడు అడుగుతాడు. మూడుసార్లు తప్పు కొట్టాక రౌటర్ కూడా మాట్లాడటం మానేస్తుంది.

అయినా రెండో దారి ఉండాల్సిందేనని ఆడిటర్లు పట్టుబడితే, దానికీ ఒక పద్ధతి ఉంది. మూడు నెలలకోసారి పరీక్షించాలి. ఆఫీసు వైఫై మీద కూర్చుని, ప్రధాన నెట్‌వర్క్ గుండా, కంపెనీ డీఎన్‌ఎస్‌లో (పేరు చెబితే చిరునామా ఇచ్చే వ్యవస్థ) పేరు వెతికించుకుని, కంపెనీ లాగిన్‌తోనే కన్సోల్ సర్వర్‌లోకి వెళ్లాలి. తెర వచ్చిందా? ‘అత్యవసర మార్గం పనిచేస్తోంది’ అని టిక్ పెట్టాలి. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. ప్రధాన లైను పీకేసి చూద్దామని కొత్తగా చేరిన కుర్రాడెవరో అన్నాడట. ఇప్పుడతను డాక్యుమెంటేషన్ టీమ్‌లో ఉన్నాడు.