చెరువు శిఖంలో పెళ్లి సోఫా

మా ఊరి చెరువుకు పండుగలు కొత్త కాదు. కట్ట మైసమ్మకు బోనాలు, ఆ తర్వాత బతుకమ్మ. బతుకమ్మ నాడైతే కట్ట మీద కాలు పెట్టే సందు ఉండదు. దానికి కమిటీ లేదు, ముఖ్య అతిథి లేడు, ఫ్లెక్సీ లేదు, అయినా ఏటా జరిగిపోతూనే ఉంది. మొన్న ఫిబ్రవరి 2న చేసిన పండుగకు మాత్రం ఈ మూడూ ఉన్నాయి. పైగా ఒక సోఫా.

ఆ రోజు ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం, అంటే మా చెరువు లాంటి నీటి తావుల పండుగ. మా ఊళ్లో రిటైరైన సైన్సు సారు ఒకాయన ఉన్నారు, ఈ ఆలోచన ఆయనది. నిజం చెప్పాలంటే మంచి ఆలోచనే. పొద్దున్నే బడి పిల్లలను కట్ట మీదికి తీసుకెళ్లి పిట్టలను లెక్కపెట్టించడం, కట్ట పొంటి పడి ఉన్న సీసాలు, కవర్లు ఏరించడం, తూము దగ్గర పేరుకుపోయిన గుర్రపుడెక్క కొంత తీయించడం, ఒక ప్రతిజ్ఞ, తలా ఇంత ఉప్మా. అంతవరకే ఉంటే నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు.

కానీ మా దగ్గర నలుగురు కలిసి కూర్చున్నారంటే ముందు ఫ్లెక్సీ పుడుతుంది. పుట్టింది. దాని మీద గులాబీ రంగు రాజహంసలు, ఒంటికాలి మీద, ఒకటి కాదు, గుంపు. మా చెరువులో ఆ పిట్టను చూసినవాళ్లు ఎవరూ లేరు. "గీ పిట్టలు ఎప్పుడచ్చినయ్ రా మన చెర్లకు?" అని మా పెద్దమ్మ అడిగితే, డిజైన్ చేయించిన పోరడు "రావాలనే పెట్టినం పెద్దమ్మా" అన్నాడు. ఇంక ఏమంటాం.

ఫ్లెక్సీ ఉంటే దాని మీద పెద్ద ఫోటో ఒకటి ఉండాలి కదా, అట్లా ముఖ్య అతిథి వచ్చారు. ఏ ఆఫీసు నుంచో చెప్పను, హన్మకొండ నుంచి వచ్చిన పెద్ద సారు అనుకోండి. పెద్ద సారును ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే ఊరి ఇజ్జత్ ఏం కావాలి? అట్లా సోఫా వచ్చింది. ఎర్ర మఖ్మల్, బంగారు రంగు అంచు, రెండు చేతులకూ చెరో సింహం తల. ఈ చుట్టుపక్కల సగం పెళ్లి ఫోటోల్లో ఉండేది ఈ సోఫానే. టెంట్ హౌస్ అన్న దాన్ని ట్రాలీలోంచి దింపుతూ "మరక పడితే ఊకోను, ముందే చెప్తున్న" అన్నాడు. మరక గురించే అన్నాడు పాపం, అంతకు మించి ఆయనకు తట్టలేదు.

ఇంతకీ సోఫా ఎక్కడ వేయాలి? కట్ట సన్నగా ఉంటుంది, రెండు వైపులా తుమ్మచెట్లు, జనం పట్టరు. అదీగాక ఫోటోలో వెనక నీళ్లు కనబడాలి. నీళ్లు కనబడాలంటే శిఖంలోకి దిగాలి. చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే జాగా అది. యాసంగి నాట్లకు తూము తెరిచాక నీళ్లు రోజింత వెనక్కి జరుగుతాయి, బయటపడ్డ నేల పైన ఎండి, నెర్రెలు బారి, కబడ్డీ ఆడుకోవచ్చు అన్నంత గట్టిగా కనిపిస్తుంది. పైన మాత్రమే. కింద ఏళ్ల తరబడి చేరిన ఒండు. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు వరంగల్ వాళ్లందరూ చూశారు కదా, నీళ్లు పోయాక కింద ఏం మిగులుతుందో. మా కమిటీలో సగం మంది దాని ముందర సెల్ఫీలు కూడా దిగి వచ్చారు.

మా నీరటి తాత ముందురోజే చెప్పాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పారాలి అన్నది ఆయన చేతిలోని పని, వాళ్ల నాయన నుంచి వచ్చింది. చేతికర్రను సోఫా వేస్తామన్న చోట నేలకు ఆనించి కొంచెం నొక్కాడు. కర్ర సగం దిగింది. బయటికి గుంజి, దానికి అంటిన నల్లటి ఒండును రెండు వేళ్లతో తుడిచి, మాకు చూపించి, "గిక్కడ గిప్పుడు బర్రె సుత నిలవడది బిడ్డా, ఇంకో నెల పోవాలె" అన్నాడు.

"కింద కార్పెట్ ఏస్తున్నం తాతా" అన్నారు కమిటీవాళ్లు.

తాత ఇంకో మాట మాట్లాడలేదు. తెల్లారి పొద్దున్నే వచ్చి మైసమ్మ గద్దె పక్కన రావిచెట్టు కింద కూర్చున్నాడు. మొత్తం కార్యక్రమం చూడటానికి అంతకంటే మంచి సీటు ఎవరికీ దొరకలేదని నాకు తర్వాత అర్థమైంది. నాకేమో ఫోటోలు తీసే పని అంటగట్టారు.

పిట్టల లెక్క మాత్రం బ్రహ్మాండంగా మొదలైంది. నీటికాకులు రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి, బుడబుంగలు ఇక్కడ మునిగి అక్కడ తేలుతున్నాయి, జమ్ములో జంబుకోళ్లు, మధ్యలో నీళ్ల మీద చలికాలం గడపడానికి వచ్చిన బాతులు. పిల్లలు గుసగుసగా లెక్కపెడుతున్నారు, సారు కూడా చెప్పులు విడిచి నడుస్తున్నారు. సరిగ్గా అప్పుడే కింద సౌండ్ బాక్సులు పెట్టినాయన "హలో, మైక్ చెక్" అని ఒక డీజే పాట వదిలాడు. చెరువు మీద ఉన్న రెక్క ప్రతిదీ లేచి పక్కూరి చెరువుకు పోయింది. మా దగ్గరివి గొలుసుకట్టు చెరువులు, ఒకటి మత్తడి దూకితే నీళ్లు ఇంకో దాంట్లోకి పోతాయి, ఆ రోజు పిట్టలు అదే దారి పట్టాయి. ఏడో తరగతి పిల్ల ఒకతి తన నోటు పుస్తకంలో రాసుకున్నది నేను చూశాను: "8 గంటలకు చాలా ఉన్నవి. 8.10కి డీజే."

తొమ్మిదికి వస్తానన్న పెద్ద సారు పదకొండు దాటాక వచ్చారు. ముందు ప్రతిజ్ఞ. సైన్సు సారు ఒక్కో ముక్క చెప్తుంటే అందరం చేయి చాపి అన్నాం: చెరువులో చెత్త వేయము, బట్టలు ఉతకము, బండ్లు కడగము, సబ్బు నురుగు కలవనీయము. ఈ ప్రతిజ్ఞను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

సోఫాలో ముగ్గురు కూర్చున్నారు. నడిమిట్ల పెద్ద సారు, ఒక పక్క మా ఊరి పెద్దమనిషి, ఇంకో పక్క ఒకాయన. ఆ మూడో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు, కానీ ప్రతి మీటింగులో ఉంటాడు.

సైన్సు సారు కొంచెం పొట్టి, అందుకని మైకు దగ్గర ఒక వెడల్పాటి బల్ల వేసుకుని దాని మీద నిలబడ్డారు. ఆయన దిగబడకపోవడానికి అదే కారణం. ఉపన్యాసం మొదలైంది. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న రామ్‌సర్ అనే ఊళ్లో చిత్తడి నేలలను కాపాడాలని దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయని చెప్తుండగా సోఫా వెనక ఎడమ కాలు పుసుక్కున దిగింది. మూడో ఆయన ఒక పక్కకు ఒరిగాడు, మెత్త బాగుందనుకున్నాడో ఏమో, ఇంకాస్త వెనక్కి ఆనుకున్నాడు. మన తెలుగు నేల మీద కొల్లేరు 2002లోనే ఆ ఒప్పందం జాబితాకు ఎక్కిందని సారు అనేసరికి కుడి కాలు. అప్పుడు సోఫా మళ్లీ సమంగా అయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సారుకు ఇవేవీ కనబడటం లేదు, ఆయన చూపు జనం మీద ఉంది. గణపతిదేవుడి కాలంలో పాకాల చెరువు ఎట్లా కట్టారో చెప్పారు. రామప్ప గుడికి 1213లో పునాదిలో ఇసుక నింపి అంత బరువు మోయించారని, 2021లో ఆ గుడి యునెస్కో గుర్తింపు దాకా వచ్చిందని చెప్పారు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఇసుక మీద గుడిని నిలబెట్టిన గడ్డ మీద, కార్పెట్ మీద సోఫా నిలబెట్టలేకపోతున్నామని నాకు అప్పుడే నవ్వు మొదలైంది. ఆపుకోవడానికి ఫోన్ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. "చిత్తడి నేల స్పంజి లాంటిది, ఏది పడినా లోపలికి పీల్చుకుంటది" అన్నారు సారు. ముందు కాళ్లు రెండూ ఒక్కసారే పోయాయి.

ఇప్పుడు ఆ ఫోటోలను ఫోన్‌లో వరసగా తిప్పుతూ చూడండి, సోఫా అక్కడే ఉన్నట్టు, వెనక తుమ్మచెట్టు పెరుగుతున్నట్టు ఉంటుంది. చివరి ఫోటోలకు వచ్చేసరికి ముగ్గురి మోకాళ్లూ గదుమల దగ్గర ఉన్నాయి. ఆ ముగ్గురిలో ఒక్కరూ నోరు తెరవలేదు. ఇజ్జత్ అంటే అట్లా ఉంటుంది. పెద్దమనిషి కండువా సర్దుకున్నాడు, పెద్ద సారు ఫోన్ చూసుకున్నారు, మూడో ఆయన ఎదురుగా ఎవరికో దండం పెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకాయన తెలివిగా లేచి నిలబడ్డాడు, లేవగానే మడమల దాకా దిగి, మళ్లీ కూర్చున్నాడు.

"ఇప్పుడు పెద్ద సారు మాట్లాడతారు" అన్నారు మా సారు.

పెద్ద సారు లేవబోయారు. కాళ్లు ఆనించిన చోట కార్పెట్ కుంగి, దాని మీదికి నీళ్లు ఊరాయి. సింహం తల పట్టుకుని బలంగా లేవబోతే అది ఊడి చేతికి వచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక ఒళ్లో పెట్టుకుని, "కూర్చునే మాట్లాడతా, మనమంతా ఒక్కటే" అన్నారు. చప్పట్లు మోగాయి. మైకు కింద దాకా అందించారు. ఆయన చెప్పింది రెండే ముక్కలు గానీ, ఆ రోజు మొత్తంలో అనుభవంతో వచ్చిన మాట అదొక్కటే: "మీ చెరువులో పూడిక బాగా ఉన్నట్టుంది."

ఆయనను ఇద్దరు చంకల కింద చేతులేసి లేపారు. మనిషి వచ్చాడు, ఎడమ బూటు రాలేదు. సోఫా కోసం పక్క మడిలో కరిగెట చేస్తున్న ట్రాక్టర్‌ను ఇనుప చక్రాలతోనే తెచ్చి తాడు కట్టారు. గుంజితే సోఫా ముందుకు రాలేదు, ఇంకొంచెం లోపలికి పోయింది. అప్పుడు లేచాడు నీరటి తాత, చెట్టు కింద నుంచే అరిచాడు: "ముంగటికి గుంజకుండ్రి! పక్కకు ఒంచుండ్రి, కిందికి గాలి పోవాలె. బర్రె దిగబడ్డా గట్లనే తీస్తం." వంచారు. కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది, ఇక్కడ రాసేది కాదు, పిల్లలు మాత్రం వారం రోజులు బళ్లో ఆ చప్పుడే చేశారట. సోఫా బయటపడింది.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. మోకాళ్ల దాకా ఒండుతో పెద్ద సారు, ఎదురుగా చెరువు నిండా నీళ్లు. ఆయన అటు రెండడుగులు వేశారో లేదో, ముందు వరసలో పిల్లగాడు ఒకడు లేచి "సార్, ప్రతిజ్ఞ చేసినం సార్!" అన్నాడు. అందరూ ఆగిపోయారు. మా సైన్సు సారు కళ్లద్దాలు తుడుచుకుని ఆలోచించారు. కాళ్లు కడుక్కోవడం బండ్లు కడగడం కిందికి రాదని తేల్చారు. నోటు పుస్తకం పిల్ల చేయి ఎత్తింది: "కానీ సార్, బురద పాంటుకు ఉంది. అది బట్టలు ఉతకడం కదా సార్."

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి తాగడానికి తెచ్చిన వాటర్ క్యాన్లు ముగ్గురి కాళ్ల మీద గుమ్మరించారు. తాగే నీళ్లు అట్లా అయిపోయాయి. తర్వాత పెట్టిన ఉప్మా గట్టిది, జీడిపప్పు బాగానే వేశారు గానీ, జనం ఒకరి వీపు మీద ఒకరు చరుచుకుంటూ తిన్నారు. అదే టైముకు బర్రెలు వచ్చి మా అందరి ముందు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగి, కళ్లు మూసుకుని పడుకున్నాయి. అవి ప్రతిజ్ఞ చేయలేదు కదా.

సాయంత్రం టెంట్ హౌస్ అన్న వచ్చాడు. సోఫాను చూసి చాలాసేపు మాట రాలేదు. వచ్చాక, "కడిగియ్యుండ్రి" అన్నాడు. ఎక్కడ కడగాలి అన్నాం. చెర్ల అన్నాడు. ప్రతిజ్ఞ అన్నాం. "నేను చేసిన్నా ప్రతిజ్ఞ?" అని ఆయనే ఒక చేయి పట్టి నీళ్ల వైపు ఈడ్చాడు గానీ, ఏరిన సీసాల మూటలు కట్టడానికి ఆగిన పిల్లలు చుట్టూ చేరి నిలబడి చూస్తుంటే ఆయనకూ చేతులాడలేదు. ఆ పిల్ల పెన్ను మూత తీసింది. ఆయన సోఫా వదిలేశాడు. బడి బోరింగ్ దగ్గర కడిగాం, మఖ్మల్ ఇంకా పూర్తిగా ఆరలేదట. బిల్లులో సోఫా కిరాయి, కార్పెట్లు రెండు, దాని కింద వేరే వరసలో "సింహం తల - 1" అని రాశాడు. పెద్ద సారు దాన్ని పొరపాటున కారులో పట్టుకుపోయారని తర్వాత తెలిసింది. ఆయన బూటు మాత్రం ఇంకా మా శిఖంలోనే ఉంది, ఇంకో నెల పోతే దొరుకుతుందని తాత అంటున్నాడు.

కమిటీ మొన్ననే మళ్లీ కూర్చుంది. నేల మీద వేస్తే ఇట్లనే అయితది, వచ్చే ఏడు స్టేజీ నీళ్ల మీదనే, తెప్పల మీద వేద్దామని ఆ మూడో ఆయన అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. టెంట్ హౌస్ అన్న మాత్రం సోఫా కిరాయికి కాదు, ఈసారి సోఫా ధర మొత్తం ముందే చేతిలో పెట్టాలన్నాడు.